నోటి మాట లేని పిల్లలకు అక్షరాలు ఎప్పుడు నేర్పాలి?

మాట్లాడలేని పిల్లవాడికి బొమ్మల పలక ఇచ్చేటప్పుడు దాని మీద ఏయే బొమ్మలు ఉండాలో వాడు నిర్ణయించడు. అమ్మో, స్పీచ్ థెరపిస్టో, స్పెషల్ ఎడ్యుకేటరో నిర్ణయిస్తారు. మామూలుగా నీళ్లు, అన్నం, బాత్రూమ్, టీవీ, బిస్కెట్, అమ్మ, నాన్న ఉంటాయి. పక్కింటి కుక్క చచ్చిపోయిందని వాడికి బాధగా ఉంటే ఆ మాటకు పలక మీద చోటు ఉండదు. స్కూల్లో ఎవరో గిల్లారని చెప్పాలన్నా ఉండదు. బొమ్మలు ఇరవై ఉన్నా రెండు వేలు ఉన్నా, పెద్దవాళ్లు ముందే ఊహించి పెట్టిన మాటలే వాడు చెప్పగలడు. ఎవరూ ఊహించని మాట చెప్పాలంటే అక్షరాలు ఒక్కటే దారి.

అయినా ఈ పిల్లల దాకా అక్షరాలు చాలా ఆలస్యంగా వస్తాయి. కొందరికి అసలు రావు. ముందు కుదురుగా కూర్చోవాలి, ముందు కళ్లలోకి చూడాలి, ముందు బొమ్మలన్నీ గుర్తుపట్టాలి, ఆ తర్వాత అ ఆలు చూద్దాం అంటారు. ఆ 'తర్వాత' కోసం ఎదురుచూస్తూ పదేళ్లు దాటిన పిల్లలు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఈ వరుస తప్పు. బొమ్మల పలకా అక్షరాల పలకా ఒకే రోజు పిల్లల ముందుకు రావాలి.

ఇలాంటి పిల్లలు అరుదేమీ కాదు. సెరెబ్రల్ పాల్సీ (పొట్టిగా సీపీ, మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్నవాళ్లలో కొందరికి పెదవులు, నాలుక, శ్వాస ఒకదానితో ఒకటి కుదరక మాట స్పష్టంగా రాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు దాకా బడి వయసుకు కూడా నోటితో చాలా తక్కువ మాటలే పలకగలుగుతారు. రెట్ సిండ్రోమ్ (ఎక్కువగా ఆడపిల్లల్లో కనిపించే జన్యు సమస్య), అప్రాక్సియా (మాటకు కావాల్సిన కదలికలను మెదడు కుదర్చలేకపోవడం), కొంతవరకు డౌన్ సిండ్రోమ్ కూడా ఈ జాబితాలోకి వస్తాయి. వీళ్లు మాట్లాడటానికి వాడే సాధనాలన్నిటినీ కలిపి ఆగ్‌మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్ అంటారు, పొట్టిగా ఏఏసీ. సైగ, బొమ్మల కార్డు, అక్షరాల చార్టు, ఒక్క మాట రికార్డు చేసే బటన్, బొమ్మ నొక్కితే పలికే ట్యాబ్, కంటి చూపుతో నడిచే కంప్యూటర్, అన్నీ ఇందులోవే.

మన దేశానికి ఇది కొత్త కాదు. చార్లెస్ బ్లిస్ 1949లో ప్రచురించిన గుర్తుల లిపిని 1971లో కెనడాలోని టొరంటోలో సీపీ పిల్లలతో వాడి చూశారు. ఏఏసీ చరిత్రలో అదొక ముఖ్యమైన మలుపు. 1974లో కోల్‌కతాలో మొదలైన సంస్థ, ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరెబ్రల్ పాల్సీగా పిలిచేది, ఈ పనిని మన దేశంలో ముందుగా చేపట్టినవాటిలో ఒకటి. చెన్నైలోని విద్యాసాగర్ సంస్థతో కలిసి పనిచేస్తూ అజిత్ నారాయణన్ బృందం బొమ్మలు నొక్కితే పలికే సాధనం ఆవాజ్‌ను తయారుచేసింది. ఐఐటీ బొంబాయి నుంచి అలాంటిదే జెల్లో అనే యాప్ ఉచితంగా వచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 'కమ్యూనికేషన్' నిర్వచనంలోనే ఈ పద్ధతులను చేర్చింది. బడుల్లో వీటి వాడకాన్ని ప్రోత్సహించాలని 17వ సెక్షన్‌లో రాసింది. చట్టంలో ఉంది కాబట్టి అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులే తక్కువ.

'ఇది అలవాటైతే ఇక మాటలు రావేమో'

దాదాపు ప్రతి ఇంట్లో మొదట వచ్చే భయం ఇదే. ట్యాబ్ మాట్లాడుతుంటే పిల్లాడు నోరు తెరవడం మానేస్తాడని అమ్మమ్మ అంటుంది, ఒక్కోసారి డాక్టరు కూడా అంటారు. టెన్షన్ సహజమే. కానీ దీన్ని పరీక్షించి చూశారు. డయాన్ మిల్లర్, జానిస్ లైట్, రాల్ఫ్ ష్లోసర్ అనే పరిశోధకులు 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. గట్టి ఆధారాలున్న అధ్యయనాల్లో మిగిలింది 27 మంది వివరాలు. వాళ్లలో 89 శాతం మందికి ఏఏసీ మొదలుపెట్టాక నోటి మాట కొంత పెరిగింది. 11 శాతం మందికి మార్పు లేదు. తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. పెరుగుదల చాలామందిలో చిన్నదే, ట్యాబ్ ఇస్తే మాటలు వచ్చేస్తాయని ఎవరూ ఆశ పెట్టకూడదు. అది ఉన్న మాటను మింగేయదన్నది మాత్రం తేలింది.

రెండో భయం పైకి అంతగా వినపడదు గానీ ఎక్కువ నష్టం చేస్తుంది. నోటితో పలకలేనివాడికి అక్షరాల శబ్దం ఎలా తెలుస్తుంది, 'క' అనలేనివాడికి 'క' నేర్పి ఏం లాభం అనేది. బ్రిటన్‌లో డొరొతీ బిషప్, రాబ్సన్ 1989లో ప్రచురించిన అధ్యయనం దీనికి సూటిగా జవాబిస్తుంది. పుట్టుకతోనే నోటి మాట లేని సీపీ వ్యక్తులకు అర్థం లేని, అంతకుముందు ఎప్పుడూ వినని పదాలు వినిపించి స్పెల్లింగ్ అడిగారు. బట్టీ పట్టి ఉండే వీలు లేదు, శబ్దాన్ని విడగొట్టి ఒక్కో ముక్కకు అక్షరం వెతుక్కోవాల్సిందే. వాళ్లు చేయగలిగారు. శబ్దాన్ని అక్షరంగా మార్చే పని బుర్రలో జరుగుతుంది, దానికి నాలుక కదలాల్సిన అవసరం లేదు.

మరి పలక ఇచ్చినా చాలామంది పిల్లలు ఎందుకు వాడరు? 'రెండు నెలలు చూశాం, ముట్టుకోలేదు, తీసి బీరువాలో పెట్టాం' అనే మాట తరచూ వినపడుతుంది. జేన్ కోర్‌స్టెన్ అనే స్పీచ్ నిపుణురాలు వేసిన లెక్క ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. మామూలు పాప రోజుకు 8 గంటలు చుట్టూ మాటలు వింటుందనుకుంటే ఏడాదిన్నర వయసుకు 4,380 గంటలు విని ఉంటుంది. అప్పటికి కొన్ని మాటలే వచ్చి ఉంటాయి. పలకతో మాట్లాడాల్సిన పాపకు పలక మీద మాట్లాడేవాళ్లు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున థెరపీలో మాత్రమే కనిపిస్తే అన్ని గంటలు నిండటానికి 84 ఏళ్లు పడుతుంది.

అంటే పిల్లలు వాడే ముందు పెద్దవాళ్లు వాడాలి. 'అన్నం తిందామా' అని నోటితో అంటూనే పలక మీద అన్నం, తిందాం చూపించాలి. దీన్ని మోడలింగ్ అంటారు. పిల్లల్ని అదే చేసి చూపించమని వెంటనే అడగకూడదు. 'ఏది, నీళ్లు చూపించు' అని పదే పదే అడిగితే పలక కాస్తా పరీక్ష పేపరైపోతుంది. ఇంట్లో ఎవరూ వాడని భాషను పిల్ల ఒక్కతే వాడాలని ఆశించడం అన్యాయం.

తెలుగు పలక తెలుగులోనే పుట్టాలి

మన దగ్గర వాడే బొమ్మల సెట్లు చాలావరకు ఇంగ్లిష్ జాబితాల నుంచి వచ్చినవే. 'ఐ', 'వాంట్', 'మోర్', 'గో', 'స్టాప్' లాంటి కొన్ని వందల మాటలతో రోజువారీ ఇంగ్లిష్‌లో దాదాపు 80 శాతం గడిచిపోతుంది. వాటిని కోర్ వర్డ్స్ అంటారు. ఆలోచన మంచిదే. ఆ జాబితాను పక్కన పెట్టుకుని మాటకు మాట తెలుగు రాసేస్తే మాత్రం చిక్కులొస్తాయి. 'ఐ', 'వాంట్', 'వాటర్' వరుసలో తెలుగు అతికిస్తే పాప మూడు బొమ్మలు నొక్కినప్పుడు ట్యాబ్ 'నేను కావాలి నీళ్లు' అంటుంది. తెలుగు ఇంట్లో ఏ పిల్లా అలా మాట్లాడదు. 'నాకు' అనే బొమ్మ వేరుగా ఉండాలి. నాకు ఆకలి, నాకు భయం, నాకు తెలీదు, నాకు వద్దు, ఇవన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడతాయి.

ఇంగ్లిష్ పలక మీద చాలాసార్లు 'నో' ఒకటే ఉంటుంది. తెలుగు పిల్లలకు వద్దు, లేదు, కాదు మూడూ కావాలి. పెన్ను వద్దు, పెన్ను లేదు, పెన్ను కాదు మూడూ వేర్వేరు సంగతులు. ఒక్క అడ్డంగీత బొమ్మతో సరిపెడితే పిల్ల చెప్పేది సగంసార్లు తప్పుగా అర్థమై, కోపం వచ్చి పలక విసిరేస్తుంది. దానికి 'బిహేవియర్ ప్రాబ్లమ్' అని పేరు పెడతారు. క్రియలదీ ఇదే గోల. 'తిను' అని ఒకే బొమ్మ పెడితే తిన్నా, తింటా, తినను, తిందాం అనే నాలుగు మాటలు ఒక్కదాంట్లోకి కూరినట్టే. ముఖ్యమైన పది పదిహేను క్రియలకైనా ఈ రూపాలు విడివిడిగా పెట్టాలి.

మాటలు ఇంటి మాటలై ఉండాలి. ఇంట్లో 'పోదాం' అంటుంటే పలక మీద 'వెళ్దాం' ఎందుకు? 'మంచిగుంది' అనే ఇంట్లో 'బాగుంది' అని పలికే ట్యాబ్ చుట్టంలా ఉంటుంది. ఆంటీ, అంకుల్ బొమ్మల కన్నా అమ్మమ్మ, నానమ్మ, బాబాయి, అత్త ఫోటోలు మేలు. అన్నిటికన్నా ముఖ్యంగా అడగడానికి మించిన మాటలు కావాలి. భలే, ఛీ, ఏమైంది, ఎందుకు, నువ్వు చెప్పింది తప్పు, ఇంకోసారి చెప్పు ఉండాలి. 'నేను చెప్పాలనుకున్నది ఇక్కడ లేదు' అనే బొమ్మ కూడా ఒకటి తప్పకుండా ఉండాలి. కార్డు ఇచ్చి వస్తువు తీసుకునే పెక్స్ పద్ధతితో మొదలుపెట్టిన పిల్లలు చాలామంది అడగడం దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే బిస్కెట్ అడిగితే బిస్కెట్ ఇస్తారు గానీ కబుర్లు చెప్పడానికి ఎవరూ కార్డు తయారుచేయరు.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇంకో సలహా ఎదురవుతుంది. 'మాట రాని పిల్లకు రెండు భాషలెందుకు, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి' అని. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల భాష దెబ్బతింటుందన్నదానికి పరిశోధనల సమీక్షల్లో ఆధారం దొరకలేదు. ఈ సలహా పాటిస్తే జరిగే నష్టం మాత్రం కంటికి కనిపిస్తుంది. వీడియో కాల్‌లో తాతయ్య తెలుగులో మాట్లాడుతుంటే పాపకు జవాబిచ్చే మాట ఉండదు. ట్యాబ్‌లో తెలుగు పేజీ ఒకటి, ఇంగ్లిష్ పేజీ ఒకటి పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ గొంతు తెలుగు పలుకుతుంది. ఆ గొంతు నచ్చకపోతే అక్కతోనో పెదనాన్న కూతురితోనో రికార్డు చేయించుకోవచ్చు. చిన్నపిల్లకు చిన్నపిల్ల గొంతే బాగుంటుంది.

వర్గాల వరుస చేసే మేలు

ఇప్పుడు అక్షరాల సంగతి. అమెరికాలో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలోని కేరెన్ ఎరిక్సన్, ఆమెతో కలిసి పనిచేసిన డేవిడ్ కోపెన్‌హేవర్ ఎన్నో ఏళ్లుగా ఒక మాట గట్టిగా చెబుతున్నారు. చదవడం రాయడం మొదలుపెట్టడానికి ముందస్తు అర్హతలు ఏవీ లేవు. మామూలు పిల్లలు రెండేళ్ల వయసులో గోడల మీద గీతలు గీస్తారు, పుస్తకం తలకిందులుగా పట్టుకుని 'చదువుతారు'. అది చదువులో మొదటి మెట్టు. చేయి కదలని పిల్లలకు ఆ పిచ్చిగీతల దశే దక్కదు. అందుకే వాళ్లకు పెన్సిల్‌కు బదులు ఇంకేదో కావాలి, దాంట్లో మొదటి రోజు నుంచే అన్ని అక్షరాలూ ఉండాలి. వారానికి ఒక అక్షరం చొప్పున ఇస్తే 'అ, ఆ, ఇ'లతో పిల్ల ఏం రాస్తుంది?

తెలుగులో పలక మీద దిద్దించడం మీద మనకు చాలా మమకారం. సీపీ పిల్లల విషయంలో ఆ మమకారం ఏళ్లకు ఏళ్లు తినేస్తుంది. పెన్సిల్ పట్టుకోవడం, గీత వంకర పోకుండా చూడటం అనే కండరాల కష్టంలోనే బాల్యం గడిచిపోతుంది, రాయాల్సిన మాట ఒక్కటీ పుట్టదు. చేతిరాత వేరు, రాత వేరు. రెండోది ఏ వేలితోనైనా, కంటితోనైనా, తల ఊపుతోనైనా చేయవచ్చు.

తెలుగు అక్షరాలు యాభైకి పైనే, దాని మీద గుణింతాలు, వత్తులు, అన్ని ఒక పిల్ల ఎలా వెతుక్కుంటుందని అడుగుతారు. నిజానికి మన అక్షరమాల అమరికే ఇక్కడ పెద్ద సాయం. చేయి చాపలేని పిల్లలతో వాడే ఒక పద్ధతి ఉంది: ఎదురుగా ఉన్న పెద్దవాళ్లు అక్షరాలు ఒక్కొక్కటీ పలుకుతుంటారు, తనకు కావాల్సినది రాగానే పిల్ల కన్ను ఆర్పడమో పైకి చూడటమో చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఏ, బీ, సీ, డీ వరుసకు అర్థం లేదు, కాబట్టి చార్టులో వరుసలు ఎక్కడ విరగ్గొట్టాలో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి. మన హల్లులు ముందే వర్గాలుగా ఉన్నాయి. 'క వరుసా? చ వరుసా? ట వరుసా? త వరుసా?' అని అడిగితే పిల్ల 'త' దగ్గర కన్ను ఆర్పుతుంది. అప్పుడు 'త, థ, ద, ధ, న' అంటే 'న' దగ్గర ఆర్పుతుంది. 'క' నుంచి వరుసగా చదువుకుంటూ పోతే 'న' ఇరవయ్యో హల్లు. వర్గాల్లో వెళ్తే నాలుగు వరుసలూ ఐదు అక్షరాలూ కలిపి తొమ్మిది అడుగుల్లో దొరుకుతుంది. 'ప' ఇరవై ఒకటో హల్లు, వర్గాల్లో ఆరు అడుగులు. ర, ల, వ తెలుగులో అడుగడుగునా వస్తాయి కాబట్టి 'య ర ల వ' వరుసను చార్టులో పైకి తెచ్చుకోవచ్చు. ఖ, ఘ, ఛ, ఝ లాంటివి చార్టులో ఉంచి, చదివేటప్పుడు చివర్లో అడగవచ్చు. ఙ, ఞ లేకపోయినా పెద్దగా నష్టం లేదు.

హల్లు దొరికాక గుణింతం. 'తలకట్టా? దీర్ఘమా? గుడా?' అని అదే పద్ధతి. బడిలో పాటలా పాడిన గుణింతం ఇక్కడ చేతి పనిముట్టు అవుతుంది. 'నొప్పి' అని రాయాలంటే న, ఒత్వం, ప, ప వత్తు, గుడి. ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద ఇదే ఆరు నొక్కులు: న, ఒత్వం, ప, పొల్లు, ప, గుడి. కీబోర్డు రెండో మూడో నొక్కులకే పదాన్ని ఊహించి పైన చూపిస్తుంది, అది నేర్పడం కూడా చదువులో భాగమే.

ఆరంభంలో ఇంత పని పిల్ల చేయదు, చేయాల్సిన అవసరమూ లేదు. మొదట్లో 'కజమమర' అని ఏదో ఒకటి ఎంచుతుంది. అది తప్పు కాదు, అది పిచ్చిగీత. పెద్దవాళ్లు ఆ అక్షరాలు రాసి, పైకి చదివి, 'మ రెండుసార్లు రాశావు, అమ్మలో ఉన్న మ ఇదే' అని అనాలి. కొన్నాళ్లకు 'అమ' వస్తుంది. కడుపు నొప్పెట్టినప్పుడు 'నప' వస్తుంది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, ఒత్వం ఏది, వత్తు ఏది అని వెంటనే దిద్దుతారు. 'నప' అని రాసిన పిల్ల శబ్దాన్ని విడగొట్టి రెండు ముక్కలకూ సరైన హల్లులు పట్టుకుంది. ముందు మందు ఇవ్వాలి, ఆ తర్వాత పక్కన 'నొప్పి' అని రాసి చూపించాలి. గుణింతాలు నిదానంగా వస్తాయి. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడంలో సోనాలి నాగ్ చేసిన పరిశోధనలో మామూలు పిల్లలకే అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా, ఆపైన కూడా పడుతోందని తేలింది. రోజుకు పది పదాలైనా రాసే అవకాశం లేని పిల్లలకు ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి కదా.

గొంతు లేకుండా చదవడం

పుస్తకం పట్టుకుని పిల్లకు చదివి వినిపించడం దగ్గర ఏఏసీ పిల్లలకు ఎక్కువగా అన్యాయం జరుగుతుంది. మామూలు పిల్ల మధ్యలో ఆపి 'ఎందుకు' అని అడుగుతుంది, తర్వాతి మాట తనే అందుకుంటుంది. పలకలేని పిల్ల ఊరికే వింటూ ఉంటుంది, పెద్దవాళ్లు చదువుకుంటూ పోతారు. దీనికి మన ఏడు చేపల కథ చక్కటి మందు. 'చేపా చేపా ఎందుకెండలేదు?' దగ్గర మొదలై గడ్డిమేటు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లవాడు, చీమ దాకా కథంతా ఒకే ప్రశ్న మీద నడుస్తుంది. ఒక్క బటన్‌లో 'ఎందుకు?' అని రికార్డు చేసి పిల్ల చేతి కింద పెడితే కథను నడిపేది ఆ పిల్లే. తను నొక్కేదాకా ఆవు జవాబు చెప్పదు. బటన్ మీద బొమ్మతో పాటు 'ఎందుకు' అని పెద్ద అక్షరాలతో రాసి అతికిస్తే, పదిసార్లు కథ చెప్పేసరికి ఆ పదం ఆకారం కళ్లకు అలవాటవుతుంది. ఆ తర్వాత బొమ్మ తీసేసి పదం మాత్రమే ఉంచి చూడవచ్చు.

ఎరిక్సన్ బృందం పుస్తకం చదివేటప్పుడు వాడమని చెప్పే క్రమం చిన్నది. ముందు బొమ్మ గురించి ఒక మాట అనాలి, ఆగాలి. పిల్ల ఏమీ అనకపోతే ఏదైనా చెప్పమని అడగాలి, మళ్లీ ఆగాలి. పిల్ల ఏం చేసినా, ఒక చూపైనా సరే, దానికి ఇంకొంచెం మాట కలిపి జవాబివ్వాలి. ఇందులో కష్టమైనది ఆగడమే. పది సెకన్లు మౌనంగా ఉండటం పెద్దవాళ్లకు భరించలేనంత పొడుగ్గా అనిపిస్తుంది. కంటితోనో వణికే వేలితోనో జవాబు వెతుక్కునే పిల్లకు అది చాలా తక్కువ సమయం. పుస్తకాలకు కొరత లేదు, ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి.

చదవడం వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి? పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో జానిస్ లైట్, డేవిడ్ మెక్‌నాటన్ తయారుచేసిన పాఠ్యక్రమంలో పిల్లలు మనసులో చదువుకుని బొమ్మ చూపిస్తే చాలు. తెలుగులో దీన్ని చేయాలంటే బొమ్మల ఎంపికలో జాగ్రత్త కావాలి. 'పడవ' అని రాసి పక్కన పడవ, ఏనుగు, కుర్చీ, సూర్యుడు బొమ్మలు పెడితే మొదటి అక్షరం చూసే పని అయిపోతుంది. పడవ, పడగ, పలక, గొడవ బొమ్మలు పెడితే పదం చివరిదాకా చదివిన పిల్లే సరిగ్గా చూపిస్తుంది.

బడుల్లో కొలత ఇలా ఉండటం లేదు. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో, ఆ దారిలో రాష్ట్రాల్లో వచ్చిన కార్యక్రమాల్లో, చదవడం అంటే ఎక్కువగా పైకి చదవడమే: నిమిషానికి ఎన్ని పదాలు తప్పు లేకుండా చదివాడని లెక్క. నోటి మాట లేని పిల్లకు ఆ గడిలో సున్నా పడుతుంది. ఆ సున్నాకు అర్థం 'చదవలేదు' అని కాకుండా 'కొలవలేదు' అని. కానీ రిజిస్టరులో ఆ తేడా కనిపించదు, వచ్చే ఏడాది ఆ పిల్లకు అక్షరాలు నేర్పడం దండగని ఆ సున్నాయే సాక్ష్యం చెబుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలు, వాటిలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం రిసోర్స్ టీచర్లు ఉన్నారు. బోయిన్‌పల్లిలోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ నీపిడ్ లాంటి చోట్ల ఈ రంగంలో శిక్షణ పొందినవాళ్లు తయారవుతున్నారు. నాలుగు బొమ్మల పరీక్షకు కాగితం, గమ్ము తప్ప ఖర్చు లేదు. ఆ పరీక్ష ఫలితాన్ని పైకి చదివిన పరీక్షతో సమానంగా రాసుకోవచ్చని ఒక్క ఆదేశం వస్తే చాలామంది పిల్లల లెక్క మారుతుంది.

రాసింది ఎవరు?

అక్షరాల పలక విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. పిల్ల చేతిని పెద్దవాళ్లు పట్టుకుని టైప్ చేయించే ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అనే పద్ధతి 1990ల్లో బాగా వ్యాపించింది. పరీక్షించి చూస్తే, పిల్లకు ఒక బొమ్మ, చేయి పట్టుకున్నవారికి ఇంకో బొమ్మ చూపించినప్పుడు, టైప్ అయ్యేది పెద్దవాళ్లు చూసిన బొమ్మ పేరే. వాళ్లు మోసం చేయాలనుకోలేదు, తమకు తెలియకుండానే చేతిని నడిపారు. ఎదురుగా పలక పట్టుకుని వరుసగా ప్రాంప్ట్ చేసే రాపిడ్ ప్రాంప్టింగ్ మెథడ్ మీదా ఇదే అనుమానం. అమెరికాలోని స్పీచ్, హియరింగ్ నిపుణుల సంఘం ఆషా 2018లో రెండింటినీ వాడవద్దని ప్రకటించింది. పిల్ల ఒక్కసారిగా కవిత్వం రాస్తోందని విన్నప్పుడు తల్లిదండ్రుల గుండె కరిగిపోతుంది, ఆ ఆశతో ఆడుకోవడం క్రూరం.

పైన చెప్పిన కన్ను ఆర్పే పద్ధతికీ దీనికీ తేడా స్పష్టంగా ఉంది. అక్కడ పెద్దవాళ్లు పిల్లను ముట్టుకోరు, పలకను కదపరు, అన్ని అక్షరాలూ ఒకే వేగంతో ఒకే గొంతుతో పలుకుతారు. అయినా అప్పుడప్పుడూ పరీక్షించుకోవాలి. అమ్మకు తెలియని సంగతి ఒకటి, బడిలో ఇవాళ ఎవరు రాలేదనేదో నాన్న దొంగతనంగా ఏం తినిపించాడనేదో, పిల్ల ఒక్కతే చూసినది అడగాలి. జవాబు కుదిరితే ఆ మాట పిల్లదే. ఇంట్లో ఇద్దరికీ, బడిలో ఇద్దరికీ చార్టు చదవడం వస్తే ఈ అనుమానం చాలావరకు పోతుంది, ఒక్కరి మీదే ఆధారపడే ప్రమాదమూ తగ్గుతుంది. అందుకే చార్టు వెనక వైపు నాలుగు లైన్లు రాసి అతికించాలి. ఈ పాప 'అవును' ఎలా చెబుతుంది, 'కాదు' ఎలా చెబుతుంది, ఎన్ని సెకన్లు ఆగాలి, తప్పు వచ్చినప్పుడు చెరపమని ఏ సైగ చేస్తుంది. కొత్త టీచరు వచ్చినా, ఊరెళ్లినప్పుడు పిన్ని చూసుకోవాల్సి వచ్చినా, ఆస్పత్రిలో నర్సు ఎదురుగా నిలబడినా, ఆ నాలుగు లైన్లు చదివి అక్కడికక్కడే పాపతో మాట్లాడటం మొదలుపెట్టవచ్చు.